ఆఫ్రికా హోటల్‌ల తిందామనుకునే మన ఓరుగల్లోళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌ల టోలిచౌకి దిక్కు నైజీరియా, ఘానా తిండి పెట్టే చిన్న హోటల్ ఒకటుంది. హన్మకొండ, కాజీపేట, జమ్మికుంట నుంచి చదువులకి, జాబులకి అక్కడికి పోయిన మన పిల్లలు చాలామంది ఒక్కసారన్నా తిని వచ్చిన్రు, వచ్చినోళ్ళల్ల సగంమంది మస్తుందంటున్రు, సగంమంది పైసలు దండగ అంటున్రు. నేను కూడా అక్కడ తిన్న, తిన్నోళ్ళతోటి కూసొని మాట్లాడిన, వంట చేసే ఆమెని కూడా అడిగిన. హోటల్ పేరు రాస్తలేను, ఎందుకంటే లండన్‌లనో హ్యూస్టన్‌లనో ఇసొంటి చిన్న హోటల్‌కి పోయిన మన పిల్లలు చెప్పే ముచ్చట్లు కూడా ఇవే ఉన్నయి.

ఒకే హోటల్‌ని ఒకరు సూపర్ అంటరు, ఒకరు వేస్ట్ అంటరు. ఎవర్ని నమ్మాలె అన్నా?

ఇద్దర్నీ నమ్మాలె, కాకపోతే వాళ్ళు ఏం తిన్నరో, ఎన్ని గంటలకి పోయిన్రో అడగాలె ముందుగాల. మా కాజీపేట దోస్తు ఒకడు జొలాఫ్ రైస్ (టమాటా, మిర్చి రసంల ఉడికిన ఎర్రన్నం), వేయించిన అరటిపండు, కాల్చిన చేప చెప్పిండు, కడుపునిండ తిని ఇంటికి పార్సిల్ కూడా కట్టించుకున్నడు. అదే టేబుల్ మీద వాళ్ళ బాబాయి కొడుకు ఫొటో చూసి ఎగుసి సూప్ (పుచ్చ జాతి గింజల పొడి, ఎండుచేప పడేది), ఫుఫు (దుంపలు దంచి చేసిన ముద్ద) చెప్పిండు, ఒక్క ముద్ద పెట్టుకోంగనే ఎండుచేప వాసన తగిలి పక్కకి జరిపిండు. వంట చెడిపోలేదు, ఉప్పు ఎక్కువ కాలేదు, ఆ సూప్ అట్లనే ఉంటది, ఆయనకి ఎవ్వరూ ముందుగాల చెప్పలేదు అంతే.

కానీ అన్నీ తినేటోళ్ళ తప్పులే అంటే నేను ఒప్పుకోను. గంటసేపు కూసోబెట్టి తర్వాత వచ్చి అది అయిపోయింది అనుడు, ఏ మాంసమో అడిగితే సరిగ్గ చెప్పకపోవుడు, ఇవి హోటలోళ్ళు సరిజేసుకోవాల్సినయే. కింద రెండు రకాలూ రాసిన.

ఇథియోపియా వాళ్ళ పెద్ద దోశ లాంటిది దొరుకుతదా అక్కడ?

దొరకదు. అది ఇంజెరా, తూర్పు ఆఫ్రికాది. నైజీరియా, ఘానా, సెనెగల్, మాలి ఇవన్నీ పడమటి దిక్కు, తిండి పూర్తిగ వేరే. మండి అనుకొని పోయినోళ్ళు కూడా ఉన్నరు, అది అరబ్బులది. ఈ రెండూ మనసుల పెట్టుకొని పోతే అక్కడ కూసున్నంక నిరాశే మిగుల్తది.

జొలాఫ్ రైస్ అంటే మన టమాటా రైసే కదా, దానికి అంత రేటా?

ఈ మాట నేను మస్తు సార్లు విన్న. చూస్తే ఎర్రగనే ఉంటది, టమాటా కూడా పడ్తది, కానీ చేసే తీరు వేరే. టమాటా, ఎర్ర క్యాప్సికం లాంటి మిరప, ఉల్లిగడ్డ, స్కాచ్ బానెట్ మిర్చి అన్నీ కలిపి రుబ్బి, నూనె పైకి తేలేదాక వేయిస్తరు, పచ్చివాసన అస్సలే ఉండొద్దు, తర్వాత మాంసం ఉడికిన నీళ్ళు, థైమ్ ఆకు, బిర్యానీ ఆకు, కర్రీ పౌడర్ వేసి బియ్యం ఆ రసంలనే ఉడకాలె, అన్నం విడిగ వండి కలుపుడు కాదు.

బియ్యం సంగతి చెప్తే మనోళ్ళకి ఖుషీ అయితది. నైజీరియా వాళ్ళు దీనికి వాడేది ఎక్కువగ పొడుగు బాయిల్డ్ రైస్. మన దగ్గర యాసంగి వడ్లు మిల్లుల పడితే నూక ఎక్కువ అయితదని కరీంనగర్, పెద్దపల్లి దిక్కు మిల్లులోళ్ళు ఉప్పుడు బియ్యం చేస్తరు కదా, ఆ పద్ధతి బియ్యమే. మనం ఇంట్ల తినం గానీ కాకినాడ పోర్టు నుంచి ఓడలెక్కి పశ్చిమాఫ్రికాకి పోయేటివాట్ల ఈ బాయిల్డ్ రైస్ చాలా ఉంటది. ఘానా వాళ్ళు బాస్మతి, జాస్మిన్ లాంటి వాసన బియ్యం వాడ్తరు, ఈ రెండు దేశాల మధ్య ఎవరి జొలాఫ్ మంచిదని పంచాయితీ ఎప్పుడూ నడుస్తనే ఉంటది. అసలు దీని మూలం సెనెగల్ దిక్కు వోలోఫ్ ప్రజలది అంటరు, అక్కడ చేపతోటి నూకలల్ల వండే చెబు జెన్ అనే వంటకానికి 2021ల యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది. నూకలతోటి చేసే వంట యునెస్కో దాక పోయిందంటే నాకైతే చాలా సంబురమనిపించింది, మన ఇండ్లల్ల నూకలన్నం తిన్నోళ్ళని చిన్నచూపు చూసిన రోజులు నాకు గుర్తున్నయి.

రేటు గురించి: ఒక ప్లేట్ జొలాఫ్ మీద పెద్ద కోడి ముక్క పెడ్తరు, ఇద్దరు తినొచ్చు. బిర్యానీ రుచి కోసం పోయినోళ్ళకి మాత్రం రేటు ఎక్కువే అనిపిస్తది, జొలాఫ్‌ల నెయ్యి ఉండదు, పొరలు ఉండయి, గరం మసాలా ఘాటు ఉండదు.

మాకు మాడిపోయిన అన్నం పెట్టిన్రు. ఇది ఏం పద్ధతి?

రెండు విషయాలు విడదీయాలె. వాళ్ళ దగ్గర ఫంక్షన్‌లల్ల జొలాఫ్ పెద్ద గిన్నెలల్ల కట్టెల పొయ్యి మీద వండుతరు, అడుగు కొంచెం పట్టి ఆ పొగ వాసన అన్నం మొత్తానికి ఎక్కుతది, అదే కావాలని అడిగి మరీ తింటరు. మన పెండ్లిళ్ళల్ల కట్టెల మీద వండిన బగారన్నానికి ఇంట్ల గ్యాస్ మీద వండినదానికి తేడా ఎట్ల తెలుస్తదో గట్లనే. హోటల్‌ల గ్యాస్ మీద చేసినా అడుగు కావాలనే కొంచెం పట్టిస్తరు.

కాబట్టి ముక్కుకి పొగ వాసన వచ్చి నాలుకకి చేదు లేకపోతే అది మంచి జొలాఫ్. నల్ల పెచ్చులు కనపడి, నమిలితే చేదొస్తే అది నిజంగ మాడిందే, వాపస్ పంపున్రి, మొహమాటపడొద్దు. నర్సంపేట నుంచి వచ్చిన ఒక అక్క గిట్లనే చేదుగుందని చెప్పింది, వాళ్ళు మాట్లాడకుండ వేరే ప్లేట్ తెచ్చిచ్చిన్రు.

ఫుఫు నమలొద్దు, మింగాలె అంటరు. నిజమేనా? గొంతుల పట్టుకోదా?

నిజమే, వాళ్ళు నమలరు. చిన్న ముద్ద తీసి, బొటనవేలుతోటి నడుమ గుంత చేసి, దాంట్ల సూప్ అందుకొని మింగుతరు. మనం మక్క గట్కనో జొన్న గట్కనో చింతపులుసు పోసుకొని తినేటప్పుడు ఎంత నములుతం చెప్పున్రి. మొదటిసారి అయితే చిన్న చిన్న ముద్దలు తీసుకోన్రి, కొంచెం నమిలినా ఎవ్వరూ ఏమనరు. పిల్లలకి మాత్రం పెద్ద ముద్ద ఇయ్యకున్రి.

ముద్దలల్ల చాలా రకాలున్నయి, మెనూల ఇవి చూసి కంగారుపడతరు మనోళ్ళు. ఘానా ఫుఫు అంటే ఉడికిన కర్రపెండలం, అరటికాయ కలిపి చెక్క రోట్ల రోకలితోటి దంచింది. నైజీరియాల పెండలం దుంప దంచి చేసేది ఇంకోటి, తెల్లగ మెత్తగ ఉంటది, ప్రపంచంల పండే పెండలంల పెద్ద వాటా నైజీరియాదే. ఎబా అంటే కర్రపెండలం తురిమి, పులియబెట్టి, నీళ్ళు పిండేసి, వేయించిన గారి అనే రవ్వల వేడినీళ్ళు పోసి కలిపింది, కొంచెం పుల్లగుంటది. మన సగ్గుబియ్యం కూడా కర్రపెండలం పిండితోటే చేసేది, దుంప మనకి కొత్తదేం కాదు. ఘానా వాళ్ళ బాంకు అంటే మక్కపిండి, కర్రపెండలం పులియబెట్టి ఉడికిచ్చింది, గట్క అలవాటున్న మన ముసలోళ్ళకి నాకు తెలిసి అన్నింటికంటే ఇదే నచ్చుతది.

ఒక ఫిర్యాదు మాత్రం న్యాయమైందే. మన దేశంల చాలా హోటళ్ళల్ల దంచరు, డబ్బాల పిండి నీళ్ళల్ల కలిపి తిప్పుతరు. అది చల్లారితే బంక బంకగ అయితది. అందుకే ఆర్డర్ ఇచ్చేటప్పుడే సూప్‌తోటి కలిపి ఒకేసారి వేడిగ తెమ్మని చెప్పాలె.

ఎగుసి సూప్ వాసన భరించలేకపోయినం. పాడైపోయిందా అది?

పాడైందైతే పుల్లటి వాసన వస్తది, బుడగలు కనపడ్తయి. మీకు వచ్చింది ఎండుచేప, ఎండు రొయ్యల పొడి వాసన అయ్యుంటది. ఎగుసి అంటే పుచ్చ జాతి గింజల పొడి, దానికి ఎర్ర పామాయిల్, ఆకుకూర, మాంసం, ఎండు రొయ్యల పొడి, స్టాక్‌ఫిష్ అనే ఎండుచేప పడ్తయి. ఈ స్టాక్‌ఫిష్ నార్వేల చలిగాలికి ఉప్పు లేకుండ ఎండబెట్టిన కాడ్ చేప, నైజీరియాకి ఎక్కువగ అక్కడి నుంచే వస్తది. ఎండుచేపల పులుసు తినే ఇంట్ల పెరిగినోళ్ళు ఇష్టంగ తిన్నరు, తిననోళ్ళు గిన్నె మూత తియ్యంగనే లేచిపోయిన్రు, నేను చూసింది ఇది.

ఎర్ర పామాయిల్ గురించి కూడా చెప్పాలె. మనం దుకాణంల కొనే పామాయిల్ శుద్ధి చేసి రంగు, వాసన తీసేసింది. వాళ్ళది పండు నుంచి తీసి అట్లనే వాడేది, ఎర్రగుంటది, దానికొక ఘాటు వాసన ఉంటది. అశ్వారావుపేట దిక్కు ఏండ్ల నుంచి, ఇప్పుడు మన జిల్లాలల్ల కూడా రైతులు పెట్టే ఆయిల్‌పామ్ చెట్టు పుట్టింది పశ్చిమాఫ్రికాలనే. ఎక్కువ తింటే మొదటిసారి కడుపు బరువుగ ఉంటది, సగం తిని ఆపున్రి.

కారం ఎట్ల ఉంటది? మనకి సరిపోతదా?

మనోళ్ళు ఇక్కడ మస్తు ధైర్యంగ పోతరు, వరంగల్ మిర్చి తిన్నోళ్ళం మాకేమైతది అని. స్కాచ్ బానెట్ కారం కొలతల లక్ష నుంచి మూడున్నర లక్షల స్కోవిల్ దాక ఉంటది, మన ఎనుమాముల మార్కెట్‌కి వచ్చే తేజ మిర్చే లక్ష లోపు. గుంటూరు సన్నం తేజ కంటే కూడా తక్కువ. అంటే రంగు చూసి అంచనా వేయొద్దు. ఇంకో మాట, 2025ల జీఐ ట్యాగ్ వచ్చిన మన వరంగల్ చపాటా మిర్చి ఎట్లయితే మంచి ఎరుపిచ్చి కారం తక్కువిస్తదో, జొలాఫ్‌ల వేసే ఎర్ర మిరప కూడా అంతే, అందుకే జొలాఫ్ ఎర్రగున్నా నోరు మండకపోవచ్చు. అసలు కారం పెప్పర్ సూప్‌ల ఉంటది. జలుబుంటే అది తాగున్రి, మేక మాంసంది చాలా బాగుంటది, పసిపిల్లలకి మాత్రం వద్దు.

కారం తక్కువైంది అని కూడా కొందరు తిట్టిన్రు. ఇండియా కస్టమర్లు వచ్చిన్రని వాళ్ళే తగ్గిస్తరంట, వంటామె చెప్పింది. మీకు అసలు రుచి కావాలంటే ముందే చెప్పున్రి.

పెద్దకూర కలుస్తదా? మేము తినం.

ఈ ప్రశ్నకి జవాబు అందరూ జాగ్రత్తగ చదవాలె. మెనూల అసార్టెడ్ మీట్ అని ఉంటే దాంట్ల ఎక్కువగ పెద్దకూరే, బోటి, తోలు ముక్కలు కూడా ఉంటయి. సుయా అంటే పల్లీల పిండి, అల్లం, కారం పట్టించి పుల్లలకి గుచ్చి నిప్పుల మీద కాల్చేది, మామూలుగ అది కూడా పెద్దకూరతోనే చేస్తరు, చికెన్ సుయా విడిగ అడగాలె. జొలాఫ్ మీద కోడి ముక్క ఉన్నా, అన్నం ఉడికిన నీళ్ళు ఏ మాంసానివో అడగాలె. గిన్నెలు, గరిటెలు వేరేగ ఉండుడు చిన్న హోటల్‌ల కష్టం.

హసన్‌పర్తి నుంచి పోయిన ఒక కుటుంబం సగం తిన్నంక తెలుసుకొని బాధపడ్డరు. మటనా అని అడిగితే వెయిటర్ అవునని తల ఊపిండంట, ఆ పిల్లగానికి ప్రశ్నే సరిగ్గ అర్థం కాలేదు. ఇది హోటల్ తప్పే, మెనూల పెద్ద అక్షరాలతోటి రాసిపెట్టాలె, ఒక మనిషి ఏం తింటడో ఏం తినడో దాన్ని తల ఊపి తేల్చేయొద్దు. మీరు కూడా మటన్ అనకుండ గోట్ అని అడగున్రి, బీఫ్ ఉందా లేదా అని విడిగ అడగున్రి. ముస్లిం దోస్తులు హలాల్ సంగతి, పోర్క్ సంగతి కూడా అట్లనే అడగాలె.

మేక మాంసం తోలుతోటే వండుతరు, బొచ్చు కాల్చిన వాసన కొంచెం ఉంటది. తలకాయ కూర తినేటోళ్ళకి ఏం ఇబ్బంది లేదు.

మా అమ్మ శాకాహారి. తీస్కపోవచ్చా?

తీస్కపోవచ్చు గానీ ఆకలితోటి తీస్కపోకున్రి. చూడ్డానికి కూర లెక్కనే ఉన్నదాంట్ల కూడా ఎండు రొయ్యల పొడి, మాంసం రుచినిచ్చే మసాలా బిళ్ళలు ఉంటయి, వాళ్ళకి అది ఉప్పేసినంత మామూలు. నమ్మకంగ తినేటివి తక్కువ: పండిన అరటి ముక్కలు వేయించినయి, ఉత్త తెల్లన్నం, అకరా. అకరా అంటే బబ్బెర్లు నానబెట్టి పొట్టు తీసి రుబ్బి, ఉల్లిగడ్డ మిర్చి వేసి నూనెల వేసేది. అవును, మన బబ్బెర గారెల బబ్బెర్లే, ఆ పంట పుట్టిల్లు ఆఫ్రికానే. అదే పిండి ఆవిరి మీద ఉడికిస్తే మొయిమొయి, కాకపోతే దాంట్ల కోడిగుడ్డు, చేప పెట్టడం అలవాటు, అడిగి తీసుకోన్రి. ఏ నూనెల వేయించిన్రో కూడా అడగాలె, చేపలు వేయించిన నూనె అయితే చెప్తరు.

పల్లీలు పడని పిల్లలుంటే సుయా, పల్లీల సూప్ రెండూ ముట్టొద్దు.

గంటన్నర కూసున్నం, తర్వాత వచ్చి లేదు అన్నరు. ఎప్పుడూ ఇంతేనా?

చాలామందిది ఇదే బాధ, నాది కూడా. ముద్దలు అప్పటికప్పుడు తిప్పాలె, చేప అప్పుడే కాల్చాలె, లోపల చేసేది ఇద్దరే, అది అర్థం చేసుకోవచ్చు. అర్థం కానిది ఏందంటే, లేనిదాన్ని లేదు అని కూసున్న వెంటనే చెప్పడానికి ఎంతసేపు పడ్తది? మెనూల ముప్పై పేర్లుంటే ఆ రోజు దొరికేది పది లోపు. వరంగల్ నుంచి నూటయాభై కిలోమీటర్లు పోయిన మనిషికి అది కోపమే తెప్పిస్తది.

నేను చెప్పే ఉపాయం, పొద్దున్నే ఫోన్ చేసి ఇయ్యాల ఏ సూప్ ఉంది అని అడగున్రి, ఎన్ని గంటలకి వస్తరో చెప్పున్రి. మధ్యాహ్నం పన్నెండుకి పోతే వంట అయ్యుండదు, రెండు తర్వాత బాగుంటది. ఆదివారం చర్చి అయ్యినంక వాళ్ళ మనుషులు గుంపుగ వస్తరు, ఆ టైంల తిండి తాజాగ ఉంటది కానీ వెయిటింగ్ ఎక్కువ.

బిల్లు మోసం అనిపించింది.

సూప్ రేటు వేరు, దాంట్ల వేసే మాంసం ముక్కలు వేరు, ముద్ద వేరు. వాళ్ళ దేశాలల్ల చిన్న హోటళ్ళల్ల ముక్క లెక్కన తీసుకునుడు మామూలే. కానీ కొత్తోళ్ళకి చెప్పకపోతే మోసం లెక్కనే కనపడ్తది, కాబట్టి మొత్తం ఎంతైతదో ఆర్డర్ ముందే అడగున్రి. ఇద్దరికి ఒక సూప్, రెండు ముద్దలు చాలు.

అక్కడ అందరూ వాళ్ళే ఉంటరు, ఫ్యామిలీతోటి పోవచ్చా? ఆడపిల్లలకి సేఫేనా?

వాళ్ళ తిండి పెట్టే హోటల్‌ల వాళ్ళే ఉంటరు, దాన్ని తప్పు లెక్క రాసుడు నాకు అస్సలు నచ్చదు. ఆ పిల్లలు ఉస్మానియాలనో, ఇంగ్లిష్ యూనివర్సిటీలనో చదువుకునేటందుకు వేల కిలోమీటర్లు వచ్చినోళ్ళు, కిరాయిల్లు దొరకుడు దగ్గర్నుంచి ఆటో ఎక్కుడు దాక రోజూ మాటలు పడ్తున్నోళ్ళు, వాళ్ళ అమ్మ చేతి వంటలాంటిది తినేటందుకు ఆ ఒక్క చోటికి వస్తరు. అక్కడికి మనం పోయి గుచ్చి గుచ్చి చూసుడు, అడగకుండ ఫొటోలు తీసుడు, తెలుగుల నవ్వుకుంట కామెంట్లు చేసుడు చాలా తప్పు. వాళ్ళల్ల కొందరికి తెలుగు, హిందీ అర్థమైతది. మన పిల్లలు డల్లాస్‌లనో లండన్‌లనో ఉన్నప్పుడు ఎవరన్నా గిట్ల చేస్తే మనకెట్లుంటది.

మేము ఇంటోళ్ళం కలిసి పోయినం, పక్క టేబుల్ వాళ్ళే మా పిల్లకి ముద్ద ఎట్ల పట్టుకోవాల్నో చూపించిన్రు. మ్యూజిక్ సౌండ్ మాత్రం ఎక్కువుంటది, ఫుట్‌బాల్ మ్యాచ్ ఉన్ననాడు ఇంకా. ముసలోళ్ళతోటి పోతే సౌండ్ తగ్గించమని అడగున్రి, తగ్గిస్తరు.

చేత్తోటి తినొచ్చా?

చేత్తోటే తినాలె, కుడిచేత్తోటి. ఎడమచేత్తోటి తినుడు, ఇచ్చుడు అక్కడ కూడా మర్యాద కాదు. చేతులు కడుక్కునేటందుకు టేబుల్ మీదికే గిన్నెల నీళ్ళు తెస్తరు, అవి తాగేటియి కావు.

తాగేటందుకు ఏముంటయి?

జోబో తాగున్రి. ముదురు ఎరుపుల, పుల్లగ, అల్లం ఘాటుతోటి ఉంటది. మన పుంటికూర జాతి మొక్కకి పూత అయిపోయినంక వచ్చే ఎర్ర కండగల రెక్కల్ని ఎండబెట్టి మరిగిస్తే వచ్చేదే ఇది, సెనెగల్‌ల బిస్సాప్ అంటరు. మేము పుంటికూర ఆకు తింటమని చెప్తే వంటామె నమ్మలేదు, మళ్ళ వచ్చేటప్పుడు పచ్చడి తెమ్మన్నది, తీస్కపోయి ఇచ్చినం, మస్తు ఇష్టపడ్డది. సీసాల మాల్ట్ డ్రింక్ ఉంటది, బీర్ లెక్క కనపడ్తది గానీ మత్తు ఉండదు, తియ్యగుంటది.

మొదటిసారి పోయినోళ్ళు ఏం చెప్పాలె?

నలుగురు పోతే జొలాఫ్ రెండు, కాల్చిన చేప ఒకటి, అరటి వేపుడు, పల్లీల సూప్ ఒకటి, ఒకే ఒక్క ముద్ద. పల్లీల సూప్ మనోళ్ళకి తొందరగ నచ్చుతది. బెండకాయ సూప్ జిగురు జిగురుగ సాగుతది, వాళ్ళు అట్ల సాగాలనే చేస్తరు, మనం బెండకాయ జిగురు పోయేదాక వేయించేటోళ్ళం కాబట్టి రెండోసారికి పెట్టుకోన్రి. ఎగుసి కూడా రెండోసారే.

రేటింగ్ ఎన్ని స్టార్లు ఇయ్యాలె?

స్టార్ల కంటే ఏం తిన్నరో, ఎంతసేపు పట్టిందో, ఏ మాంసమని చెప్పిన్రో రాయున్రి. వాసన నచ్చలేదు అని ఒక్క స్టార్ పెడితే తర్వాత పోయేటోళ్ళకి ఏం తెలవదు. లేటయింది, అడిగినా చెప్పలేదు అని రాస్తే హోటలోళ్ళకి కూడా సరిజేసుకునేటందుకు పనికొస్తది.

వరంగల్‌ల ఇంట్లనే జొలాఫ్ చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు. రెండు గ్లాసుల ఉప్పుడు బియ్యం, దొరక్కపోతే సోనా మసూరి అయినా సరే, కడిగి పెట్టుకోన్రి. నాలుగు పండిన టమాటాలు, రెండు ఎర్ర క్యాప్సికం, ఒక పెద్ద ఉల్లిగడ్డ, మీ కారానికి తగ్గట్టు మిర్చి రుబ్బున్రి. ఇంకో ఉల్లిగడ్డ సన్నగ కోసి నూనెల వేయించి, రుబ్బింది పోసి, సిమ్‌ల పెట్టి నూనె తేలేదాక కలుపుతనే ఉండాలె, ఇరవై నిమిషాలు దాటుతది, ఇక్కడ తొందరపడితే అది నిజంగనే టమాటా రైస్ అయితది. తర్వాత ఉప్పు, కర్రీ పౌడర్, బిర్యానీ ఆకు, సూపర్ మార్కెట్‌ల సీసాల దొరికే థైమ్, కోడి ఉడికిన నీళ్ళు పోసి బియ్యం వేయాలె. నీళ్ళు బియ్యానికి సమానంగనే ఉండాలె, ఎక్కువైతే మెత్తవడ్తది. మూత కింద ఫాయిల్ పేపర్ గట్టిగ కప్పి సన్న మంట మీద ఉడికించున్రి, నడుమ ఒక్కసారే కింద మీద చేయాలె. ఆఖరికి రెండు నిమిషాలు మంట పెంచి అడుగు కొంచెం పట్టనిచ్చి దించున్రి. కుక్కర్‌ల పెడితే ఆ పొగ వాసన రాదు, మందం గిన్నెలనే చేయున్రి.